ధోఫారు సీమలో వానకాలపు పండుగ

ముప్పదియేండ్లు బడిలో భూగోళము చెప్పిన నేను అరబ్బుదేశమును ఇసుక, ఒంటె, ఖర్జూరము అను మూడు మాటలతో ముగించుచుంటిని. ఆ పాఠము ఎంత కొఱతపడినదో నిరుడు శ్రావణమాసమున తెలిసినది. మస్కటులో కొలువున్న మా అల్లుడు నన్ను ఒమాను దేశపు దక్షిణమున నున్న ధోఫారు సీమకు, సలాలా పట్టణమునకు తీసికొనిపోయెను. దాదాపు వేయి కిలోమీటర్ల దారి, అంతయు రాతినేల. కడపట కొండ దాటగానే పొగమంచు, తుంపర, కనుచూపు మేర పచ్చిక!

ఈ ఋతువునకు వారి పేరు ఖరీఫ్. మన రైతు వానకారు పంటకు చెప్పు మాటయే! అరబ్బీలో దానికి శరత్తని యర్థము. జూను 21 మొదలు సెప్టెంబరు 21 వఱకు దానిని లెక్కింతురు. నైరుతి గాలికి ఆ తీరమున సముద్రగర్భములోని చన్నీరు పైకి లేచును. గాలిలోని తేమ దానిపై చల్లబడి, మంచై కొండలకు తగులుకొనును. ఆకులు దానిని పట్టి బొట్టుబొట్టుగా నేలకు విడుచును. పట్టణములో ఆటపాటలు, అంగళ్ళు. కొండవాలున గల్ఫు దేశముల కుటుంబములు చాపలు పఱచి, తడియుచునే తేనీరు కాచుకొనుచుండిరి. నేనొక్కడనే గొడుగు విప్పితినని మనుమడు నవ్వెను. ఒంటెలు మాత్రము అడుసులో కాలు జాఱునను భయమున మైదానమునకు దింపబడినవి.

అయితే చరిత్రలో ఈ సీమకు పేరు తెచ్చినది ఈ పచ్చదనము కాదు. పండుగ జరుగు ఈ నెలలలోనే సముద్రము పొంగి రేవులు మూతపడుచుండెడివి. ఓడలను రప్పించినది కొండకు ఆవలి ఎండునేలలో పెరుగు ధూపవృక్షము. దాని బంకను అరబ్బులు లుబాన్ అందురు. కుందుర్ అనియు పేరు. మన అందుగుచెట్టు దీనికి దాయాది. అమరసింహుడు దానికి చెప్పిన పేర్లలో కుందురుకి యొకటి. ఈడేండ్లుగా వల్లెవేసిన మాట అక్కడ వినబడినప్పుడు నాకు ఒడలు పులకించినది.

సలాలాకు తూర్పున ఖోర్ రోరీ యొద్ద సుంహురం కోట శిథిలములున్నవి. క్రీస్తుశకము 1వ శతాబ్దపు పెరిప్లస్ గ్రంథకర్త యీ తీరమును వర్ణించెను. భారతదేశపు రేవులనుండి మరలుచు ఆలస్యమైన ఓడలు ఇచ్చట శీతకాలము గడపి, బట్టలు, గోధుమలు, నువ్వులనూనె ఇచ్చి ధూపద్రవ్యము కొనెడివట. ఆ శిథిలములలో మనదేశపు చిన్న కంచు స్త్రీప్రతిమయు దొరకినది. 14వ శతాబ్దమున ఇబన్ బతూతా ఇచ్చట తమలపాకులను, కొబ్బరిని చూచి వ్రాసెను. గుఱ్ఱములు ఇచ్చటినుండి హిందూదేశమునకు పోవుననియు, తాను కళ్ళికోట నుండి 28 దినములలో వచ్చితిననియు చెప్పెను. నేడును దారిప్రక్క పందిళ్ళలో కొబ్బరిబొండములు, అరటిగెలలు వ్రేలాడుచున్నవి. మా కోనసీమవారు చూచిన ఇల్లు జ్ఞాపకము చేసికొందురు.

తిరుగుదారిలో వాదీ దౌకా యొద్ద ఆగితిమి. 2000 సంవత్సరమున యునెస్కోవారు ప్రపంచ వారసత్వములో చేర్చిన ధూపసీమ స్థలములలో నదియొకటి. మంచు అక్కడికి రాదు. పొట్టి, గిడసబాఱిన చెట్లు. "తాతా, ఇవి చచ్చిపోయినవా?" అని మనుమడు అడిగెను. ఒక చెట్టు బెరడుపై పాత గాటున పాలు గడ్డకట్టి యుండెను. వాని చేయి పట్టి వ్రేలితో తాకించితిని. మస్కటు చేరువఱకు వాడు ఆ వ్రేలు వాసన చూచుకొనుచునే యుండెను.