విద్యలో మూడవ పాదము

విద్య నాలుగు పాదములమీద నడచునని, అందు గురువు చెప్పునది ఒక్క పాదము మాత్రమేయని మన పూర్వులు తలచిరి. తక్కిన మూటిలో ఒకటి శిష్యుని సొంత మేధ, ఒకటి సహాధ్యాయుల సాంగత్యము, కడపటిది కాలము. గురువునుగూర్చి మనవారు కావలసినంత వ్రాసిరి, మేధను కొనియాడిరి, కాలమహిమను వేదాంతులు మొదలు ఇంటి వృద్ధులవరకు అందరును చెప్పుచునే యున్నారు. సహాధ్యాయి వంతునకు వచ్చిన పాదమునకు మాత్రము చరిత్ర చెప్పినవారు అరుదు. ఇంటిలో కూర్చుండి, కంప్యూటరు తెరయెదుట, నన్నెరుగని ఆచార్యునివద్ద ప్రోగ్రామింగు నేర్చుకొనవలసివచ్చిన దినములలో నాకు ఆ మూడవ పాదము విలువ తెలిసివచ్చినది. అది తెలిసిన పిమ్మట వెనుదిరిగి చూడగా, మన వీధిబడి మొదలుకొని నేటి ఆన్‌లైన్ కోర్సువరకు గడచిన రెండు వందల యేండ్లలో, గురుశిష్యుల నడుమ దూరము పెరిగినప్పుడెల్ల దానిని పూడ్చినవాడు తోడి విద్యార్థియేయని నాకు తోచినది.

1822వ సంవత్సరము జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ఆ రాజధానిలోని ప్రతి జిల్లాలోను పాఠశాలలెన్ని యున్నవో, అందు చదువువారెందరో, ఏమి చదువుచున్నారో కనుగొని తెలుపవలసినదని కోరుచు ఒక పత్రము వ్రాసెను. దానికి బదులుగా జిల్లాలనుండి వచ్చిన నివేదికలలో బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది మిక్కిలి విపులమైనది. ఆయన అంతకు ఏడేండ్లక్రితమే, అనగా 1816లో, తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము ప్రకటించిన విద్వాంసుడు. కనుక బడిలో పిల్లలు చదువునది ఆయనకు చెవిని పడుటయే కాక మనసునకును ఎక్కినది. నేటి అనంతపురము ప్రాంతమును కలుపుకొనియున్న నాటి బళ్లారి జిల్లాలో ఆయన లెక్కకు 533 పాఠశాలలు తేలినవి. అందు 235 కన్నడము నేర్పునవి, 226 తెలుగు నేర్పునవి. చదువుకొనువారు మొత్తము 6,641 మంది. అనగా బడికి సగటున పన్నెండుగురు. ఈ పన్నెండను సంఖ్యను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను.

ఆ బడులలో ప్రాతఃకాలమున అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత, గౌరవచిహ్నముగా, సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి మెప్పును నిందయు లేవనుటకు సున్న చుట్టుదురనియు, మూడవవాడు మొదలుగా వచ్చిన వరుసను బట్టి దెబ్బలు పెరుగుననియు క్యాంప్‌బెల్ వ్రాసెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి ఆయన కంటబడినది. పంతులు పై తరగతులవారిని తాను దగ్గర నుంచుకొని, క్రింది తరగతులను కొంతవరకు పెద్దపిల్లల పరము చేయుచుండెను. నేలమీద ఇసుక పరచి, చిన్నవాని వ్రేలు పట్టుకొని అక్షరము దిద్దించునది, నిన్నటివరకు తానును అదే యిసుకలో తప్పులు దిద్దుకొనిన మరియొక బాలుడు. పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పు ఈ పద్ధతి శ్లాఘనీయమని, ఇంగ్లాండులో దానిని అప్పటికే అనుకరించియుండుట యుక్తమేయని క్యాంప్‌బెల్ అభిప్రాయపడెను. ఆ అనుకరణ చేసినవాడు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు. చెన్నపట్టణము చెంత ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయమునకు 1789 మొదలు అధ్యక్షుడుగానుండి, దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ రీతిని తన శరణాలయమున ప్రవేశపెట్టి, 1797లో దానినిగూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. ఇంగ్లాండులో అది మద్రాసు పద్ధతియను పేర వ్యాపించెను. ఉపాధ్యాయులు చాలని దేశమునకు మన వీధిబడి పంపిన కానుక అది.

ఐతే క్యాంప్‌బెల్ ప్రశంసతో ఆగలేదు. పిల్లలు వల్లెవేయు గ్రంథములన్నియు పద్యభాషలో నుండుటచేత, వారాడుకొను భాషకు వానికి పొత్తు కుదరక, అర్థము తెలియకయే కంఠస్థము చేయుచున్నారని, పలుచోట్ల చెప్పువారికిని అర్థము తెలియదని ఆయన వగచెను. రెండు శతాబ్దముల పిమ్మట, సాంకేతికవిద్యను పరభాషలో వినుచు, పరిభాషను నోటికి తెచ్చుకొని భావము నందుకొనలేక తపించు మన జిల్లాల విద్యార్థులను చూచినప్పుడు ఆ వగపు నాకు పాతబడినదిగా తోచదు.

గురువును శిష్యుని ఒకే కప్పు క్రిందనుండి మొదట వేరుచేసినది తపాలా. ఇంగ్లాండులో 1840లో ఒక పెన్నీకే ఉత్తరము దేశమంతట చేరు సౌకర్యము కలుగగానే ఐజక్ పిట్‌మన్ తన సంక్షిప్తలిపిని ఉత్తరములమూలమున నేర్ప మొదలిడెను. శిష్యుడు వ్రాసి పంపును. తప్పులు దిద్దబడి ఉత్తరము మరల వచ్చును. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో ఈ మార్గము త్రొక్కగా, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లో కరస్పాండెన్సు కోర్సులను ప్రారంభించెను. ఆ తరువాత మూడేండ్లకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరముపాటు ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజనులో పాఠములు వచ్చినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరివారందరు ఒక్కచోట గుమిగూడి, విన్నదానినిగూర్చి మాటలాడుకొనుచు ఆ పాఠములు చూచిరి. ఉపాధ్యాయుడు ఆకాశమున నున్నను తోడివాడు ప్రక్కనే యుండెను.

1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. భారతదేశమున అట్టి విశ్వవిద్యాలయములలో అది మొదటిది; 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు దాల్చినది. దానికి ప్రథమ ఉపకులపతియైన జి. రాంరెడ్డిగారే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును ప్రథమ ఉపకులపతులైరి. బడికి పోని వారికిని అర్హతపరీక్షతో డిగ్రీ ద్వారములు తెరచిన ఆ హైదరాబాదు సంస్థ, అచ్చు పాఠములను పంపుటతో తృప్తినొందక, ఊరూర కళాశాలలలో అధ్యయనకేంద్రములు నెలకొల్పి, సెలవు దినములలో తరగతులు నడిపెను. ఆ తరగతులకు వచ్చు గుమాస్తాలు, కండక్టర్లు, పిల్లల తల్లులు ప్రొఫెసరునొద్ద ఎంత నేర్చిరో, వరండాలో టీ త్రాగుచు ఒకరి నోట్సు ఒకరు చూచుకొనుటలోను అంతయు నేర్చిరని ఆనాటివారు నేటికిని చెప్పుదురు.

ఇక తెలుగువారి సాంకేతికవిద్యా చరిత్రలో అమీర్‌పేటను విడిచినచో అది చరిత్ర కాజాలదు. రెండువేల సంవత్సరము రాగానే కంప్యూటర్లు తేదీలను పొరబడునన్న భయము లోకమంతట వ్యాపించి, కోబాలు అను కంప్యూటరు భాష తెలిసినవారికి అమెరికానుండి పిలుపులు వచ్చిన కాలమునుండి, హైదరాబాదులోని ఆ పేట మైత్రీవనమను భవనము చుట్టును ఒక విచిత్రవిద్యాపీఠమైనది. పిదప జావా, ఒరాకిల్, డాట్ నెట్, శాప్, టెస్టింగు, నేడు డేటా సైన్సు: కాలమున కేది గిరాకియో దాని పేరు గోడలమీదను ఫ్లెక్సీలమీదను వ్రేలాడుచుండును. డెమో క్లాసు ఉచితము; నచ్చినచో ఫీజు కట్టవచ్చును. మెట్లమీద నిలుచుండి వినువారితో తరగతులు క్రిక్కిరిసియుండును. ఆ వీధులలో నన్ను నిలువరించినవి శిక్షణాలయముల బోర్డులకంటె జిరాక్సు దుకాణములు. వెనుకటి బ్యాచిలో ఎవరో, పేరైనను వ్రాసికొనని విద్యార్థి, సారు చెప్పినది చెప్పినట్లు చేతివ్రాతతో ఎక్కించుకొన్న నోట్సు అచ్చట స్పైరలు కుట్టుతో అమ్ముడుపోవును. నల్లబడిన ఆ పుటల అంచులలో బాణపుగుర్తులు, "ఇది ఇంటర్వ్యూలో అడుగుతారు" అను హెచ్చరికలు, తప్పు వ్రాసి కొట్టివేసిన వరుసలు కానవచ్చును. బళ్లారి బడిలో చిన్నవాని వ్రేలు పట్టిన పెద్దపిల్లవాడు ఇచ్చట నకళ్లయంత్రముగుండా వచ్చి నిలిచెను.

2011వ సంవత్సరపు శరత్కాలమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు మూడు కంప్యూటరు శాస్త్రపాఠములను లోకమునంతటికి ఉచితముగ తెరచిరి. సెబాస్టియన్ త్రున్, పీటర్ నోర్విగ్ చెప్పిన కృత్రిమమేధ పాఠమునకు సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసికొనిరి. మరుసటి యేట కోర్సెరా, యుడాసిటీ, ఎడెక్స్ పుట్టినవి. మంగుళూరున పుట్టి మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన అనంత్ అగర్వాల్ 2012 వసంతమున చెప్పిన విద్యుద్వలయముల పాఠమునకు దాదాపు 1,55,000 మంది చేరగా, తుదిదాక నిలిచి ఉత్తీర్ణులైనవారు 7,157 మంది. నూటికి అయిదుగురైనను లేరు. గురుపాదము నిర్దుష్టము, వచ్చినవారిలో మేధావులకు కొదువ లేదు. కొరవడిన దేదో ఆ పాఠమునందే పూర్తి మార్కులు పొందిన ఒక మంగోలియా బాలుని కథ తెలుపుచున్నది. పదునైదేండ్ల ఆ బాలుని అద్భుతమేధావియని పత్రికలు పొగడినవి, అతడు మేధావియే. కాని ఉలాన్‌బాతరులోని తన పాఠశాలలో అతడు మరికొందరితో కలిసి ఆ పాఠమును చదివెననియు, అచ్చటికి వచ్చిన ఒక అధ్యాపకుడు వారిచేత చేతితో వలయములు కట్టించెననియు చెప్పినగాని ఆ కథ పూర్తికాదు. మన దేశమున ఏడు ఐ.ఐ.టి.లును బెంగుళూరు విజ్ఞానసంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌.పి.టెల్ పాఠములు, 2014 మొదలు పరీక్షలతోను యోగ్యతాపత్రములతోను కూడి నడచుచుండగా, కళాశాలలలో స్థానికశాఖ లేర్పరచి విద్యార్థులను ఒకచోట చేర్చుట ఈ మర్మమెరిగిన పనియే.

నేను వాణిజ్యశాస్త్రము చదివినవాడను. 2020లో లాక్‌డౌను వచ్చి ఊరెల్ల తలుపులు మూసికొనియుండగా, దూరపు ఆచార్యుడొకడు చెప్పు పైథాను పాఠములలో చేరితిని. పాఠములు చక్కగానే యుండెను. అర్థముకానిచోట ఆపి మరల వినవచ్చును. రాత్రి పదిగంటలకైనను ఆచార్యుడు విసుగక అదేమాట అదే చిరునవ్వుతో చెప్పును. కాని నేను తెల్లబోయి చూచుచున్నానని ఆయనకు తెలియదు. మూడవ వారమున, పాఠమునుండి నకలు తీసికొన్న ఒక చిన్న ప్రోగ్రాములో నా సొంత వరుస నొకదానిని చేర్చితిని. ఏడవ వరుసలో దోషమున్నదని యంత్రము చెప్పినది. ఆ వరుసను అక్షరమక్షరముగ చదివితిని. పాఠమును నాలుగుసార్లు వింటిని. రెండు రాత్రులు గడచినవి. దోషము కనబడలేదు. ఈ వయసున ఈ చదువు నాకు తగదని నిశ్చయించుకొని, పాఠము మానివేయుటకు సిద్ధపడితిని. పేరు నమోదు చేసికొని మధ్యలో మాయమైన లక్షలమందిలో ఎందరు ఇట్టి యొక్క వరుసయొద్ద ఆగిపోయిరో యని నేడు తలచినప్పుడు నా మనసు కలతపడును.

మొదటి వారమున ఆ పాఠములలోని తోడి విద్యార్థులకు తెలుగువాడనని పరిచయము చేసికొన్నప్పుడు పలుకరించిన బి.టెక్. చదువు నొక అమ్మాయి, కడపవైపు పిల్ల, ఆ రాత్రి మరేదో ప్రశ్న అడుగుటకు ఫోను చేసినది. నా గోడు విని, "అన్నా, ఆ వరుస ముందర కర్సరు పెట్టి కుడి బాణం మీట ఒక్కొక్కసారే నొక్కండి, అక్షరం దాకా పోయేదానికి ఎన్ని నొక్కులు పడతాయో చెప్పండి" అన్నది. ఒకటే పడినది. "ఇప్పుడు పై వరుసలో చూడండి" అన్నది. నాలుగు పడినవి. "అదే అన్నా. పైన నాలుగు ఖాళీలు ఉన్నాయి, మీరు ట్యాబు కొట్టినారు. మన కంటికి రెండూ ఒకటే మాదిరి కనపడతాయి, దానికి కనపడవు. నేనూ పోయిన నెల ఇట్లే ఏడ్చినా."

దోషము తీరుటకు అర నిమిషము పట్టినది. ఆచార్యునకు ఆ దోషము తెలియదా? తెలియును, కాని ఆయన దానిని దాటి ఎన్ని సంవత్సరములైనదో. శూన్యములో దాగిన ఆ తప్పు ఎంత బాధ పెట్టునో నిన్ననే దానితో బాధపడినవారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. విద్యలో మూడవ పాదమును గురువు పూరింపలేకపోవుట ఆయన లోపము కాదు. అది అప్పుడే నేర్చినవాడు నేర్వబోవువానికి మాత్రమే ఈయగల దానము. దాని సత్తువ అంతయు ఆ అల్పమైన అంతరములోనే యున్నది. మరియు ఆ అమ్మాయి నాకు చెప్పినది నా భాషలో. వ్యాకరణకర్తయైన కలెక్టరు బళ్లారిలో వగచినది ఆ రాత్రి నా ఇంట కొంత తీరినది.

కనుక సాంకేతికపాఠములను నిర్మించు పెద్దలకును, వానిని విద్యార్థులకు విధించు కళాశాలలకును నాదొక్క విన్నపము. పాఠములను వేలమందికి చెప్పుడు; యంత్రముచేత పరీక్షలు దిద్దింపుడు; ఆక్షేపణ లేదు. కాని చేరిన మొదటి దినముననే ఆ వేలమందిని ఒక భాషవారు ఒకచోట నుండునట్లు చిన్న చిన్న జట్లుగా విభజించి, నిరుడు ఆ పాఠము ముగించిన వానినొకనిని జట్టునకొక్కని చొప్పున నియమింపుడు. జట్టునకు పన్నెండుగురు చాలును. ఇసుక పరచిన ఆ బడులు అంతమందితోనే నడచినవి.