మామిడిపండ్లు, మోటారుసైకిలు, ఒక పంతులుగారి మోకాలు

ఛందస్సును గురించీ, సంధి సమాసాలను గురించీ ముచ్చటించుకొనే ఈ తావున మోటారుసైకిలు ప్రసక్తి ఏమిటని మీరు విస్తుపోవచ్చు. ముప్పైనాలుగేళ్లు తెలుగు పండితునిగా పనిచేసి విరమించిన నేను, అరవైనాలుగో ఏట క్రూయిజర్ అనే తరగతికి చెందిన మోటారుసైకిలు కొన్నాను. ఏదైనా ఒక వస్తువు ఇంటికి వస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించనిదే నాకు నిద్ర పట్టదు. ఆ విచారణలో తెలిసిన చరిత్రా, ఆ చరిత్ర నా ఎంపికకు అక్కరకు వచ్చిన తీరూ నాలుగు మాటల్లో చెబుతాను.

ముందుగా మాట సంగతి. క్రూయిజర్ అనేది తొలుత ఓడకు పేరు. డచ్చి నావికుల నుండి ఇంగ్లీషువారు తెచ్చుకున్న క్రియ అది. అడ్డంగా దాటడం, శిలువ గీసినట్లు సముద్రం మీద అటూ ఇటూ తిరగడం దాని మూలార్థం. గమ్యం కంటే గమనమే ముఖ్యమైన ప్రయాణమన్నమాట. ఆ పేరు పెట్టుకున్న మోటారుసైకిలు లక్షణాలూ అట్లాగే ఉంటాయి. కూర్చునే పీట నేలకు దగ్గరగా ఉంటుంది. హ్యాండిలు చేతుల వద్దకు వెనక్కు వంగి వస్తుంది. పాదాలు ముందుకు చాపుకోవచ్చు. పందెపు బండి మీద మనిషి ముందుకు వంగి బాణంలా ఉంటే, దీని మీద వాలుకుర్చీలో కూర్చున్నట్లు ఉంటాడు.

ఈ ఆకారం అమెరికా నేల మీద పుట్టింది. 1901లో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఇండియన్ అనే కంపెనీ, 1903లో మిల్వాకీలో హార్లీ-డేవిడ్‌సన్ బళ్లు చేయడం మొదలుపెట్టాయి. హార్లీవారు 1909లో రెండు సిలిండర్లను నలభైఅయిదు డిగ్రీల కోణంలో తెలుగు గుణింతపు వట్రసుడికి ఏమాత్రం పోలికలేని ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా అమర్చారు. రెండు పిస్టన్లకూ ఒకటే క్రాంకు కీలు. అందువల్ల పేలుళ్లు సమాన విరామంతో రావు. ఒక పేలుడు తరువాత 315 డిగ్రీలకు రెండోది, ఆపైన 405 డిగ్రీలకు మళ్లీ మొదటిది. గురులఘువులు మారిమారి వచ్చే నడక అది. ఆ బండి శబ్దాన్ని జనం దూరం నుండే గుర్తుపట్టడానికి కారణం ఈ విషమగతే.

రెండో ప్రపంచయుద్ధం తరువాత బ్రిటిషు బళ్లు తేలికగా, చురుకుగా ఉండి అమెరికా విపణిలో చొచ్చుకువచ్చాయి. 1953లో స్ప్రింగ్‌ఫీల్డులో ఇండియన్ ఉత్పత్తి ఆగిపోయింది. హార్లీ సంస్థ 1969లో ఏ.ఎం.ఎఫ్. అనే మరొక కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కాలంలో కుర్రవాళ్లు పెద్ద బళ్లకున్న బరువైన భాగాలు ఊడదీసి, ముందుచక్రం సన్నంగా మార్చి, తమ ఇష్టానుసారం దిద్దుకునేవారు. సంస్థాపకులలో ఒకరి మనుమడైన విల్లీ జి. డేవిడ్‌సన్ దీన్ని గమనించాడు. పెద్ద బండి చట్రానికి చిన్న బండి ముందుభాగం అతికించి 1971లో సూపర్ గ్లైడ్ అనే నమూనా తెచ్చాడు. వీధిలో జనం చేసుకుంటున్న మార్పును కర్మాగారమే స్వీకరించింది. వ్యాకరణంలోనూ ఇంతే కదా. ముందు వాడుక, తరువాత సూత్రం.

జపానువారు ఊరుకోలేదు. 1976లో కవాసాకీ, 1978లో యమహా, తరువాత హోండా ఇదే ఆకారంలో బళ్లు దింపారు. 1981లో పదముగ్గురు అధికారులు కలిసి హార్లీ సంస్థను తిరిగి కొనుక్కున్నారు కానీ, పోటీకి నిలవలేక ప్రభుత్వాన్ని ఆశ్రయించారు. 1983 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రీగన్, 700 సీసీలు దాటిన దిగుమతి మోటారుసైకిళ్ల మీద అప్పటికున్న 4.4 శాతానికి మరో 45 శాతం సుంకం కలిపాడు. ఐదేళ్లపాటు ఏటేటా తగ్గిపోయే పద్ధతి. జపానువారు ఏం చేశారో చూడండి. 750 సీసీల హోండా షాడో మరుసటి ఏడాదికే 700 లోపుకు కుదించుకుపోయింది. యమహా విరాగో కూడా అంతే. అంటే ఆ బండి పరిమాణాన్ని నిర్ణయించింది ఇంజనీరు కాదు, సుంకపు గుమాస్తా. హార్లీవారు కొత్త ఎవల్యూషన్ ఇంజనుతో నిలదొక్కుకుని, ఈ రక్షణ ఇక చాలునని 1987లో గడువుకు ముందే తామే చెప్పారు.

ఇక మన దేశం. మా తరానికి పెద్దబండి అంటే బుల్లెట్టే. రెడ్డిచ్ అనే ఇంగ్లాండు పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 1932లో ఆ పేరు వాడారు. స్వాతంత్ర్యానంతరం మన సైన్యం సరిహద్దు గస్తీకి దాన్ని ఎన్నుకోవడంతో, 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో బళ్లు తయారుకాసాగాయి. రెడ్డిచ్‌లో ఉత్పత్తి 1970 నాటికి ఆగిపోయినా ఇక్కడ ఆగలేదు. నా చిన్నతనంలో మా ఊరి డాక్టరుగారికి ఒక బుల్లెట్టు ఉండేది. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అది స్టార్టు కావడమే ఒక సంస్కారకాండ. ఆ చప్పుడు వినబడితే మా అమ్మ, "డాక్టరుగారు ఏ ఇంటికో వెళ్తున్నారు, ఎవరికేం ప్రమాదమో" అని దండం పెట్టేది.

లక్షణరీత్యా మాత్రం బుల్లెట్టు క్రూయిజరు కాదు. దాని మీద నిటారుగా కూర్చోవాలి. సామాన్యుడు కొనగలిగిన క్రూయిజరు మనకు 2001లో బజాజ్ వారు కవాసాకీ సాయంతో తెచ్చిన ఎలిమినేటరుతో వచ్చింది. 2005లో అది అవెంజరుగా రూపాంతరం చెందింది. ఎన్‌ఫీల్డ్ వారి థండర్‌బర్డ్ 2002లో వచ్చింది. దాని స్థానంలో 2020లో మీటియర్ వచ్చింది.

మధ్యలో మా నూజివీడు ప్రాంతంవారు చెప్పుకుని నవ్వుకున్న కథ ఒకటుంది. కీటకాల భయంతో అమెరికా మన మామిడిపండ్లను 1989 నుండి రానివ్వలేదు. మన దేశమేమో హార్లీ బళ్లను ఉద్గార నియమాల పేరుతో రానివ్వలేదు. 2007లో రెండు ప్రభుత్వాలూ ఒక అవగాహనకు వచ్చాయి. మీరు మా మామిడిపండ్లు తినండి, మేము మీ మోటారుసైకిళ్లు రానిస్తాము. కిరణాలతో శుద్ధిచేసిన పండ్లు ఆ ఏప్రిల్ చివర అమెరికా చేరాయి. "మన రసాలు ఎక్కి వెళ్తే అక్కడినుండి బండి దిగుతుందట మాస్టారూ" అని మా వీధి రైతు ఒకాయన అన్నాడు. తొలుత వెళ్లినవి పశ్చిమతీరపు పండ్లనీ, పిండుకు తినే మన రసాలు అంత దూరం ఓర్వవనీ నేను చెప్పవలసివచ్చింది. సుంకం మాత్రం అప్పుడు తగ్గలేదు. హార్లీవారు 2010లో అమ్మకాలు ప్రారంభించి, 2020లో తమ సొంత వ్యాపారం ముగిస్తున్నట్లు ప్రకటించి, హీరో సంస్థతో చేతులు కలిపారు. 2023లో వచ్చిన 440 సీసీల హార్లీ ఆ హీరోవారే ఇక్కడ తయారుచేసినది.

ఇప్పుడు నా కథ. ఈ కోరికకు అడ్డం డబ్బు కాదు, మా ఇంట్లో గోడ మీద ఉన్న ఒక ఫొటో. మా ఆవిడ తమ్ముడు ఇరవైయేడేళ్ల వయసులో మోటారుసైకిలు మీదనుండి పడి పోయాడు. తలకు ఏమీ పెట్టుకోలేదు. అప్పటినుండి మా ఇంట స్కూటరు తప్ప వేరే మాట లేదు. ఆవిడ ముప్పైయేళ్లు నా స్కూటరు వెనుక పక్కకు తిరిగి కూర్చుని వచ్చింది. నా కోరిక చెప్పినప్పుడు వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, "మీరు ఏది కొంటారో నాకు తెలియదు. నేనూ వచ్చి చూస్తాను" అంది.

నేను మనసు పెట్టుకున్నది 650 సీసీల సూపర్ మీటియర్. 241 కిలోలు. షోరూము ముందున్న చిన్న వాలులో, ఇంజను కట్టివేసి, దాన్ని వెనక్కు నెట్టి చూపమంది మా ఆవిడ. రెండడుగులు వచ్చింది. మూడో అడుగుకు కుడి మోకాలు కలుక్కుమంది. బండి పక్కకు ఒరగబోతే అక్కడి కుర్రవాడు పట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ నా మోకాలి వంక మాత్రం చూసింది.

అమ్మే కుర్రవాడు శక్తి, వేగం, ధర లెక్కలు చెబుతూనే ఉన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీల వరకు పన్ను 28 నుండి 18 శాతానికి దిగిందనీ, ఆపైన 40 అయిందనీ కూడా చెప్పాడు. 1983 నాటి 700 గీత నాకు గుర్తుకువచ్చింది. గీత ఎక్కడ గీసినా బళ్లు దానికి ఇటువైపు ఒదుగుతాయి. అయితే మోకాలు గీసిన గీత పన్ను గీతకంటే కఠినమైనది. అది ఏ ప్రభుత్వమూ సవరించదు.

చివరకు 350 మీటియర్ తీసుకున్నాను. 191 కిలోలు, పీట ఎత్తు 765 మిల్లీమీటర్లు. క్లాసిక్ అనే దాని పీట 805. ఈ నాలుగు సెంటీమీటర్ల తేడా పుస్తకంలో అల్పం. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి మాత్రం అది పాదం మొత్తం నేల మీద ఆనడానికీ, వేళ్ల మొనలు మాత్రమే ఆనడానికీ ఉన్న తేడా. మీలో ఎవరైనా ఈ వయసున ఎంచుకోబోతే నేను చెప్పగలిగింది ఇంతే. ఎన్ని సీసీలని అడగకముందు రెండు పాదాలూ ఆనుతున్నాయా, ఇంజను ఆపి వెనక్కు నెట్టగలరా, వెనుక కూర్చునేవారి కాలికి తావుందా అని చూడండి. మూడో ప్రశ్న మా ఆవిడది.

స్కూటరు అలవాటు పోవడానికి నెల పట్టింది. గేరు మార్చబోయి ఎడమచేతి పిడిని తిప్పేవాణ్ణి. తెల్లవారుజామున ఖాళీ మైదానంలో ఒక్కణ్ణే తిరిగి, కాలికి ఆ పాఠం చెప్పాను. శిష్యుడు మందమతి అయితే ఉపాధ్యాయునికి ఎంత ఓర్పు కావాలో ఇన్నేళ్లకు మళ్లీ తెలిసింది.

మొన్న ఆదివారం ఇద్దరం ఆగిరిపల్లి వెళ్లి నరసింహస్వామి దర్శనం చేసుకున్నాము. బయలుదేరేముందు మా ఆవిడ హెల్మెట్ పెట్టుకుని, గోడ మీది ఫొటో ముందు ఒక్క నిమిషం నిలబడింది. దారికి ఇరువైపులా మామిడితోటలు. గంటకు నలభై కిలోమీటర్లు దాటలేదు. ఒక స్కూలు పిల్లవాడు సైకిలు మీద కొంతసేపు మా పక్కనే వచ్చి, "మాస్టారూ, గుర్తుపట్టారా?" అని అరిచి ముందుకు వెళ్లిపోయాడు. తలకు హెల్మెట్ ఉన్నా వాడు నన్నెలా పోల్చాడో! వెనుకనుండి మా ఆవిడ, "పోనివ్వండి, మనకేం తొందర" అంది.