సహజ హక్కుల వాదము – అమెరికా స్వాతంత్ర్యము

శాసనమువలన గాని రాజానుగ్రహమువలన గాని సంక్రమింపక, మనుష్యుడై పుట్టుటచేతనే ప్రతివానికిని సిద్ధించునవి సహజ హక్కులు. ఒక వలసరాజ్యము తన ప్రభువునుండి విడివడుటకు ఈ భావనను ప్రధానోపపత్తిగా చూపిన సుప్రసిద్ధ సందర్భము, ఉత్తర అమెరికాలోని పదుమూడు వలసల ప్రతినిధుల సభ 1776 జూలై 4న అంగీకరించిన స్వాతంత్ర్య ప్రకటనము.

వలసవారు మొదట ఈ వాదముపైననే ఆధారపడినవారు కారు. 1765లో బ్రిటిష్ పార్లమెంటు స్టాంపు చట్టమును చేసినప్పుడు, తమ ప్రతినిధులు లేని సభ తమపై పన్ను విధింపరాదనుటకు వారు ముఖ్యముగా చూపినవి ఆంగ్లేయుల పూర్వాచారములు, రాజులిచ్చిన సన్నదులు. బోస్టను న్యాయవాది జేమ్స్ ఓటిస్ 1764లోనే ప్రకృతిధర్మమును పేర్కొనియు పార్లమెంటు ఆధిపత్యమును త్రోసిపుచ్చలేదు. ఆంగ్లేయుల హక్కులు కావలెనన్నవాడు ఆంగ్లేయుడుగనే యుండవలెను గదా! 1766లో పార్లమెంటు ఆ చట్టమును రద్దు చేయుచునే, వలసలను సర్వవిషయములందును శాసించు అధికారము తనకు కలదని చాటుటతో ఆంగ్లేయుల హక్కుల వాదమునకున్న హద్దు బయటపడెను. 1774లో ఫిలడెల్ఫియాలో కూడిన వలసల ప్రతినిధుల సభయగు తొలి ఖండ కాంగ్రెసునందు ప్రకృతిధర్మమును ఎత్తవలెనా వలదా యని చర్చ జరిగి, తుదకు ప్రకృతిధర్మము, ఆంగ్ల రాజ్యాంగము, సన్నదులు మూడును తీర్మానమున చోటు చేసికొనినవి.

పాలకుడు ప్రజల ప్రాణ స్వేచ్ఛా సంపదలను కాపాడక నమ్మకద్రోహము చేసినచో వానిని తొలగించు అధికారము ప్రజలకు కలదని ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ పదునేడవ శతాబ్ది చివర వ్రాసియుండెను. స్వాతంత్ర్య ప్రకటనమును రచించిన థామస్ జెఫర్సన్ ఆ త్రయమున సంపదకు మారుగా సుఖాన్వేషణమును నిలిపెను. ప్రకటనమున అధికభాగము మూడవ జార్జి రాజుపై మోపిన అభియోగముల పట్టిక. ఒడంబడిక రాజుతోనే కాని పార్లమెంటుతో కాదను పట్టుదలచే కాబోలు, పార్లమెంటు పేరు అందెచ్చటను కానరాదు.

సహజ హక్కుల వాదమును ప్రయోగించినవారే దానికి జడిసిరి. బానిస వ్యాపారమును నిందించుచు, స్వయముగా బానిసల యజమానియైన జెఫర్సన్ వ్రాసిన భాగమును కాంగ్రెసు కొట్టివేసెను. అయినను 1777 జనవరిలో మసాచుసెట్సులోని నల్లజాతి బానిసలు అదే సహజ హక్కును చూపి తమ విముక్తికై అచ్చటి శాసనసభకు విన్నపము పెట్టుకొనిరి.

ఈ వాదము అమెరికాతో ఆగలేదు. 1930 జనవరి 26న భారతదేశమంతట చదువబడిన పూర్ణస్వరాజ్య ప్రతిజ్ఞయు స్వాతంత్ర్యమును ప్రజల అవిచ్ఛేద్యమగు హక్కుగానే పేర్కొనినది. 1945 సెప్టెంబరు 2న హానోయిలో హో చి మిన్ వియత్నాము స్వాతంత్ర్యమును ప్రకటించుచు అమెరికా ప్రకటనలోని వాక్యముతోనే ఆరంభించెను. 1950 మొదలు, ఆ వియత్నామును తిరిగి లోబరచుకొనుటకు ఫ్రెంచివారు సాగించుచున్న యుద్ధమునకు ధనమును ఆయుధములను సమకూర్చినది అమెరికా ప్రభుత్వమే.