షిరాజు ద్రాక్షాసవము

మద్యమునకు అది పుట్టిన దేశము పేరు పెట్టుట నేటి ఆచారము కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ద్రాక్షరసముతో చేసిన మద్యమును ‘మధు’ వని పేర్కొని, పుట్టిన చోటును బట్టి దానికి కాపిశాయనము, హారహూరకము అను పేర్లు కలవని చెప్పినాడు. కాపిశి నేటి ఆఫ్గనిస్థానమున కాబూలునకు ఉత్తరమున నుండిన పట్టణము. కనుక సంగారెడ్డిలో దుకాణపు సీసాపై ‘షిరాజ్’ అను పేరు చదివినవారు, ఆ ద్రాక్ష పారసీక దేశపు షిరాజు నగరమునదని తలంచుట సహజమే.

మన దక్కనునకు ఆ నగరము పరాయిది కాదు. పదునాలుగవ శతాబ్దమున షిరాజు మహాకవి హాఫిజును బహమనీ సుల్తాను కొలువునకు ఆహ్వానించెననియు, కవి హోర్ముజున ఓడ యెక్కి, తుపానునకు వెరచి మరలిపోయెననియు ఫిరిస్తా వ్రాసినాడు. కవి రాలేదు గాని, పారసీక పండితులును వర్తకులును గుల్బర్గాకు, పిమ్మట బీదరుకు, గోలకొండకు వచ్చుచునే యుండిరి.

అయినను పేరును నమ్మి పుట్టుక నిర్ణయింపరాదు. ఫ్రాన్సున రోను నదీతీరమున ఈ ద్రాక్షను ‘సిరా’ అందురు. ఒక క్రైస్తవ యోధుడు షిరాజునుండి తీగను తెచ్చి అచ్చటి హెర్మిటేజి కొండపై నాటెనని ఒక కథ. 1998లో శాస్త్రజ్ఞులు తీగల డి.ఎన్.ఎ.ను పరీక్షించి, దీని తలిదండ్రులు మొందూజ్ బ్లాంష్, దురెజా అను రెండు ఫ్రెంచి ద్రాక్షలేయని తేల్చిరి. కథ అంతటితో ముగిసినది. 1832లో జేమ్సు బజ్బీ ఆస్ట్రేలియాకు చేర్చిన తీగలలో ఇదియు నొకటి. షిరాజు అను పేరు అచ్చటనే స్థిరపడినది. ఇప్పుడు నాసిక్ తోటలలోను దీనిని పెంచుచున్నారు.

కుండలోని ఈతకల్లు తనంత తానే నురుగు కట్టి పులియుట మీరెల్లరు ఎరిగినదే. ఇచ్చటను జరుగునది అదే: ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. అయితే కల్లునకు ఒక పూట చాలును. దీనికి వారము, రెండు వారములు పట్టును. నల్లద్రాక్షదైనను రసము ఇంచుమించు తెల్లనిదే, ఎరుపంతయు తోలులోనిది. కనుక పండ్లను చిదిపి, తోళ్లతోనే పులియబెట్టుదురు. వాయువు తోళ్లను పైకెత్తి మందమైన తెట్టు కట్టించును. దానిని దినమునకు రెండు మూడు మారులు లోనికి అదుమవలెను. లేనిచో రంగు దిగదు, పైన పులుపెక్కి రసమే చెడును. పిదప పిండి, ఓకు మ్రాని పీపాలలో నెలల తరబడి నిలువయుంతురు.

ఒకప్పుడు హైదరాబాదు చుట్టుప్రక్కల పందిళ్లపై విరివిగా కాచిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు ఈ పని తగదు. అది పచ్చని తోలు గల పెద్ద పండు; తినుటకు రాజభోగ్యమే, ఎరుపు మాత్రమీయలేదు. పటాన్‌చెరువు వైపు పొలములనేకము నేడు కర్మాగారములైనవి.

నేను మద్యము ముట్టినవాడను కాను. రుచి విషయమున త్రాగువారి మాటయే నాకు ప్రమాణము. నల్లపండ్ల తీపి, మన నేరేడునందువంటి వగరు, వెనుకగా మిరియపు ఘాటు ఉండునని వారందురు. ఈ ఘాటు కల్పన కాదు. మిరియములోని రొటండోనను పదార్థమే ఈ ద్రాక్షతోలులోను కలదని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. చల్లని నేలలందు పండిన ద్రాక్షలో అది హెచ్చు. వింతయేమనగా, సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వాసనయే తెలియదు.

ఆసవమును మిరియమును పూర్వము ఓడలలో ఎదురెదురుగా నడచినవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథమున, భరుకచ్ఛపు రేవునకు ఇటలీ ద్రాక్షాసవము దిగుమతియగుట కలదు; కేరళపు మిరియము రోమునకు పోయెను. సంగారెడ్డి చేరువనున్న కొండాపురమున 1940లో త్రవ్వకములు మొదలిడగా, శాతవాహనుల నాణెములతోపాటు రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెమును దొరికినది. అది వర్తకమునకు సాక్ష్యము. శాతవాహనుల పౌరులు ఇచ్చట రోమను ఆసవమును త్రాగిరని ఆ నాణెమును బట్టి నేను చెప్పజాలను.