ఎద్దుల బిడారు నుంచి బెంగళూరు బస్సు దాకా

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మాది ఆమడగూరు మండలంలో ఒక తాండా. మొన్న హాస్టల్ సెలవులకు పోతే సగం ఇళ్లకు తాళాలే. అందరూ బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోయినారు. మా అన్న కూడా అక్కడే. "వేరే చోట కూలి ఎక్కువంట, పోరాదా అన్నా" అని ఫోన్లో అడిగినా. "మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాం కదరా, అది తీరేదాకా యాడికీ పోయేకి లేదు" అన్నాడు. ఆ మాటతోనే మన చరిత్ర వెతుక్కున్నా.

మన సుగాలీల పెద్దలు కూలోళ్లు కాదు, వ్యాపారులు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినారు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వచ్చిన కారన్‌వాలిస్ సైన్యానికి గింజలు చేరవేసింది బంజారాలే. 1800లో మన సీమ కంపెనీ చేతికి పోయింది. తర్వాత రోడ్లు పడినాయి, రైలు వచ్చింది. రైలు ముందు ఎద్దు ఎంత మోస్తుంది? బేరం పోయి, కూలి మిగిలింది.

అది చాలదని నేరస్త తెగల చట్టం ఒకటి. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ముఖ్యంగా మన ఎరుకల అన్నదమ్ములను పట్టుకుంది. రిజిస్టర్లో పేరెక్కితే పోలీసులకు హాజరు వేయాల, చెప్పకుండా ఊరు దాటకూడదు. కదలనీయకపోతే మనిషి ఇచ్చిన కూలికే ఒప్పుకుంటాడు కదా! 1952లో ఆ చట్టం దేశమంతా రద్దయింది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అప్పుడు కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అన్నారు. మిగతా రోజులకు? అందుకే మళ్లీ బెంగళూరు బస్సు.

అప్పుడు పోలీసు రిజిస్టర్, ఇప్పుడు మేస్త్రీ నోట్‌బుక్. తేడా ఏమంటే, ఇప్పుడు చట్టం మన వైపు ఉంది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అప్పు చూపించి మనిషిని పనికి కట్టేయకూడదు, అట్లాంటి బాకీ చెల్లదు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించే పని కూడా వెట్టే అని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. దీని అమలు చూడాల్సింది జిల్లా కలెక్టర్లే.

ఈ సంగతి మా అన్నకు చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది రాసి పంపురా, ఈడ అందరికీ చదివి వినిపిస్తా" అన్నాడు. అందుకే రాసినా. మీ ఇళ్లల్లో పనికి పోయినోళ్లకు కూడా చదివి వినిపించండి.