తన కథ తానే చెప్పుకున్న నటి

శాన్ రామన్‌లో మా సాయంకాలపు తెలుగు తరగతి వారానికి ఒక్కసారే. పిల్లలు పగలంతా బడిలో అలసిపోయి వస్తారు. గుణింతాలు వల్లె వేయిస్తే ఆవులింతలు మొదలవుతాయి. అందుచేత కిందటి చలికాలంలో వాళ్ళకు “మల్లీశ్వరి” చిత్రాన్ని కొంచెం కొంచెంగా చూపించాను. మూడోవారంలో ఒక పన్నెండేళ్ళ అమ్మాయి, “టీచరుగారూ, ఈవిడ ఎవరిముందూ తల దించుకోదేం?” అని అడిగింది. మా తాతగారు, మా నాన్నగారు బడిపంతుళ్ళే. నేను మూడో తరం. తెలియని ప్రశ్నకు “వచ్చేవారం చెబుతానమ్మా” అనడం మా ఇంటి ఆచారం. అలాగే అన్నాను. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే ఇంత వ్యాసమైంది. పాఠకులు మన్నించాలి.

ఆ “ఈవిడ” శ్రీమతి భానుమతీ రామకృష్ణ. 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు, కూతురికి చిన్ననాడే పాట నేర్పించారు. ఆ పాటే ఆమెను సినిమాకు తీసుకుపోయింది. 1939లో సి. పుల్లయ్యగారు కలకత్తాలో “వరవిక్రయం” తీశారు. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం అది. కట్నమిచ్చి వరుణ్ణి కొనుక్కునే వ్యవహారాన్ని ఎండగట్టిన నాటకం. అందులో ప్రాణం తీసుకునే కాళింది పాత్ర భానుమతిగారిది. అప్పటికి ఆమెకు పదమూడో పధ్నాలుగో ఏళ్ళు. మగ నటుడెవరూ పిల్లను తాకరాదని తండ్రి షరతు పెట్టారని చెప్పుకుంటారు. నేడు నవ్వు వస్తుంది గాని, ఆనాడు గౌరవంగా బ్రతికే కుటుంబం ఆడపిల్లను టాకీలోకి పంపడమంటే ఊరివారి నోళ్ళకు పని కల్పించడమే.

మా తాతగారు జన్మలో చూసిన రెండు మూడు సినిమాలలో “వరవిక్రయం” ఒకటి. కాళ్ళకూరివారి నాటకం గనుక దోషం లేదని ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్ళారు. మా మేనత్తకు అప్పుడు పదకొండేళ్ళు. ఆమెకూ మంచి గొంతు ఉండేది. ఇంటికి వచ్చి కాళిందిలా పాడి చూపించిందట. తాతగారు మెచ్చుకుని, మర్నాడే హార్మోనియం పెట్టె మేడమీది గదిలో పెట్టించారట. ఈ సంగతి మా అత్తయ్యే నవ్వుతూ చెప్పేది. చెప్పినప్పుడల్లా నవ్వేది గనుక చాలాకాలం నేనూ దీన్ని హాస్యకథే అనుకున్నాను.

1943లో “కృష్ణప్రేమ” చిత్రం తీస్తున్నప్పుడు అక్కడ సహాయ దర్శకుడుగా ఉన్న పి.ఎస్. రామకృష్ణారావుగారిని భానుమతిగారు ఇష్టపడ్డారు. తండ్రి ఒప్పుకోలేదు. అయినా అదే సంవత్సరం పెళ్ళి జరిగింది. పెళ్ళితో సినిమాకు స్వస్తి చెప్పి, చిన్న అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. తనకు కావలసింది ఇల్లే గాని తారాపదవి కాదని ఆమె మనసారా అనుకున్నారు. అక్కడితో ఆగిపోయి ఉంటే మా అత్తయ్య కథకూ ఆమె కథకూ పెద్ద తేడా ఉండేది కాదు.

కాని బి.ఎన్. రెడ్డిగారు పట్టు వదలలేదు. 1945లో వచ్చిన “స్వర్గసీమ”లో ఆమె వేసింది వీధుల్లో ఆడిపాడే సుబ్బి పాత్ర. నాగయ్యగారు వేసిన సంపాదకుడి చలవతో సుబ్బి పట్నపు నటి సుజాతాదేవి అవుతుంది, అతని సంసారాన్నే చిందరవందర చేస్తుంది. చిత్రం చూడండి. సంసారమే కావాలనుకుని ఇంట కూర్చున్న కొత్త కోడలు, సంసారాలు కూల్చే నటిగా తెరమీదికి తిరిగి వచ్చింది! పావురం పాటతో ఆమె పేరు ఆంధ్రదేశమంతా మోగింది. జనం దృష్టిలో భానుమతి అంటే సుజాతాదేవి. తన దృష్టిలో ఆమె రామకృష్ణగారి ఇల్లాలు. ఈ రెండు బొమ్మల మధ్య దూరం ఆమె జీవితమంతా ఉండిపోయిందని నా అభిప్రాయం. పేరు వెనుక “రామకృష్ణ” అని ఆమె వదలకుండా రాసుకోవడంలో భర్త మీది ప్రేమతో పాటు ఈ జాగ్రత్త కూడా ఉందేమో.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే గనుక త్వరగా చెబుతాను. కొడుకు భరణి పేరుతో 1947లో భరణీ పిక్చర్స్ మొదలైంది. “రత్నమాల”, “లైలా మజ్ను”, “విప్రనారాయణ”, “బాటసారి” వంటివి ఆ సంస్థ చిత్రాలు. 1953లో “చండీరాణి”ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ ఆమే దర్శకత్వం వహించి తీశారు, అందులో రెండు పాత్రలు ఆమే ధరించారు. తెలుగు చిత్రాలకు తొలి మహిళా దర్శకురాలు ఆమే. నేపథ్య గాయనులు వచ్చి తక్కిన తారలంతా పెదవులు కదిపితే చాలనే రోజులు వచ్చాక కూడా తన పాట తానే పాడుకున్నారు. తమిళంలో అన్నాదురైగారు ఆమెను నటనకు వ్యాకరణమని బిరుదిచ్చారు. వ్యాకరణం చెప్పుకుని బ్రతికేదాన్ని గనుక నాకు ఆ బిరుదు మరీ నచ్చింది.

ఇక పిల్ల అడిగిన ప్రశ్నకు దగ్గరగా వచ్చేది “మిస్సమ్మ” సంగతి. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడే ఇద్దరు ఉపాధ్యాయుల కథ అది; మా వృత్తివారికి ప్రత్యేకంగా ఇష్టం. అందులో మేరీ పాత్రకు మొదట భానుమతిగారినే తీసుకున్నారు. కొన్ని రీళ్ళు తీశారు కూడా. ఒకనాడు ఆమె వరలక్ష్మీవ్రతం చేసుకుని ఆలస్యంగా వచ్చారు. నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ రాసి ఇమ్మన్నారు, ఆమె ఇవ్వనన్నారు. తీసిన రీళ్ళు పక్కకు పోయాయి. రెండో కథానాయికగా ఉన్న సావిత్రిగారికి మేరీ పాత్ర వచ్చింది, ఆమె స్థానానికి జమునగారు వచ్చారు. 1955లో చిత్రం విడుదలైంది, సావిత్రిగారు తెలుగువారి ఇళ్ళలో మనిషయ్యారు. తాను తప్పుకోవడం వల్ల ఒక గొప్ప నటి పైకి వచ్చిందని భానుమతిగారు తరువాత సంతోషంగానే చెప్పుకునేవారంటారు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా “భానుమతికి పొగరు” అని ముగిస్తారు. నాకు అక్కడే పేచీ. ఆలస్యంగా వచ్చే కథానాయకుణ్ణి ఎవరూ కాగితం రాసి ఇమ్మన్నట్లు నేను వినలేదు. పూజ వల్ల ఆలస్యమైతే నిర్మాతకు నష్టం రాదా అంటే వస్తుంది, కాదనను. కాని లేచి వెళ్ళిపోగలిగిన నటి ఆ రోజుల్లో ఎంతమంది? ఆమెకు సొంత సంస్థ ఉంది, సొంత గొంతు ఉంది, వెనుక భర్త ఉన్నాడు. ఆ ధైర్యానికి స్వభావం ఎంత కారణమో ఈ ఆధారాలూ అంతే కారణం.

ఆధారం లేనివారి సంగతి చూడండి. 1938లో “మాలపిల్ల”తో ఊరూరా ఆరాధ్యురాలైన కాంచనమాలగారు, “బాలనాగమ్మ” తరువాత ఒప్పందపు చిక్కుల్లో పడి, మనసు చెదిరి, ఏళ్ళ తరబడి మౌనంలో ఉండిపోయారు. 1963 నాటి “నర్తనశాల”లో ఒక చిన్న పాత్రలో కనబడి, 1981లో కన్నుమూశారు. అదే సంవత్సరం డిసెంబరు 26న సావిత్రిగారు, సుమారు పంతొమ్మిది నెలలు స్పృహ లేకుండా పడుకుని, పోయారు. ఆమె కూడా దర్శకురాలే: 1968లో “చిన్నారి పాపలు” తీశారు. కాని సొంత చిత్రాలు ఆమెకు అప్పులే మిగిల్చాయి.

చరిత్ర చదివేవారికి ఇక్కడ ఒక చిక్కుంది. కాంచనమాలగారు, సావిత్రిగారు తమ కథను తమ చేతితో రాసి పెట్టి వెళ్ళలేదు. మనకు తెలిసిందంతా స్నేహితులు, పత్రికలవారు, బంధువులు చెప్పింది. 2018లో వచ్చిన “మహానటి” చూసి మా తరగతి పిల్లలు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కాని అదీ ఇంకొకరు చెప్పిన సావిత్రే. భానుమతిగారు మాత్రం “నాలో నేను” అని ఆత్మకథ రాశారు. సినిమాపై ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం పొందింది. అంతకుముందే “అత్తగారి కథలు” రాసి, మడీ ఆచారం గల అత్తగారినీ ఆ ఇంటి కోడలైన సినిమా తారనూ ఒకే వంటింట్లో నిలబెట్టి నవ్వించారు. జనం పెట్టిన బొమ్మ పక్కన తన బొమ్మ తాను పెట్టుకోవడమంటే ఇదే. తన కథ తాను చెప్పుకునేవారు తమకు అనుకూలంగానే చెబుతారు, ఆ మాటా నిజమే. “మిస్సమ్మ” గొడవ చక్రపాణిగారు రాసి ఉంటే వేరుగా ఉండేది. అయినా ఒక పక్షం వారి వాంగ్మూలమైనా చేతిలో ఉండడం వేరు, ఏదీ లేకపోవడం వేరు.

1966లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడే “పల్నాటి యుద్ధం”లో నాగమ్మగా నటించారు. 1984లో “మంగమ్మగారి మనవడు”లో నాయనమ్మగా మళ్ళీ హాళ్ళు నింపారు. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1986లో భర్త పోయారు. 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. 2005 డిసెంబరు 24న మరణించారు.

ఆ రాత్రి నేను ఇక్కడినుంచి మా అత్తయ్యకు ఫోను చేశాను. వార్త అప్పటికే విన్నది. కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ హార్మోనియం పెట్టె ఏమైందో నీకేమైనా తెలుసుటే?” అని అడిగింది. నాకు తెలియదు. ఆమె కథ రాసిపెట్టుకోలేదు. నేనూ అడిగి రాసుకోలేదు. మరుసటి ఏడు ఆమె కూడా పోయింది.

పై వారం తరగతిలో ఇదంతా కొంత కుదించి చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, మల్లికి పల్లకీ వచ్చిన ఘట్టం మళ్ళీ వేయమంది. ఆట పట్టించడానికి నాగరాజు అన్న మాటకు రాయలవారి పల్లకీ నిజంగానే వస్తుంది. పాటా ఆటా వచ్చిన పిల్ల రాణివాసంలో బందీ అవుతుంది. వేశాను. పిల్లలు ఈసారి ఎవరూ మాట్లాడలేదు. తొమ్మిదింటికి తల్లిదండ్రులు కార్లలో వచ్చేవరకూ దీపాలు ఆర్పే ఉంచాము.