కల్లూరు మీదుగా గీచిన రేఖ

హైదరాబాదునుండి రాజమహేంద్రవరమునకు ఖమ్మం, వైరా, తల్లాడ, కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేటల మీదుగా రోడ్డు కలదు. దాని పొడవు 400 కిలోమీటర్లకు మించును. పటముపై ఈ రెండు నగరముల విమానాశ్రయములను సరళరేఖతో కలిపినచో ఆ రేఖయు కల్లూరు సమీపముననే పోవును. దాని పొడవు సుమారు 360 కిలోమీటర్లు.

ఈ అంకె ఎట్లు వచ్చినది? రెండు విమానాశ్రయములును ఇంచుమించు 17వ ఉత్తర అక్షాంశముపై నున్నవి. వాని రేఖాంశముల భేదము సుమారు 3.4 డిగ్రీలు. ఆ అక్షాంశమున ఒక డిగ్రీ రేఖాంశము సుమారు 106 కిలోమీటర్లు. ఈ రెంటిని హెచ్చవేసిన దూరము తేలును. గంటకు 500 కిలోమీటర్లు పోవు చిన్న విమానమునకు ఇది ముప్పావుగంట ప్రయాణము. ఎగయుటకును దిగుటకును పట్టు కాలము కలిపిన సుమారు ఒక గంట యగును.

లెక్క సులభమే. కాని ఇందుకు భూమి పరిమాణమును, ప్రతి ఊరి స్థానమును ముందు తెలియవలెను. ఆ పనిని 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ఆరంభించెను. అతడు ఉక్కు గొలుసుతో ఒక ఆధారరేఖను కొలిచెను. త్రిభుజములో ఒక భుజమును, కోణములును తెలిసినచో తక్కిన భుజములను లెక్కతో సాధింపవచ్చును. ఆపై ఒక కొండనుండి మరియొక కొండను చూచి కోణములు కొలిచిన చాలును.

1818 చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడుగా చేరెను. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో త్రిభుజములు అల్లు పని అతనికి అప్పగింపబడెను. దూరపు కొండలు స్పష్టముగా కనబడుటకు వానలు గాలిలోని దుమ్మును కడిగిన కాలమే తగినది. అడవిజ్వరము విజృంభించునదియు ఆ కాలముననే. సుమారు 150 మంది గల దళమంతయు జ్వరమున పడెను. వారిని హైదరాబాదునకు మోసికొని పోవలసి వచ్చెను. దారిలోనే కొందరు మరణించిరి. ఎవరెస్టు కోలుకొనుటకు 1820లో దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రమునకు వెడలెను.

ఆ జ్వరము మలేరియా యని చరిత్రకారుల అభిప్రాయము. నాడు దానికి చెడుగాలి కారణమని తలచుచుండిరి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897లో, సికింద్రాబాదులోనే. అడవిలోని వారికి ఆ జ్ఞానము 78 ఏండ్లు ఆలస్యముగా వచ్చినది.

లాంబ్టన్ 1823లో మరణింపగా ఎవరెస్టు ఆ పనిని కొనసాగించెను. 1830లో అతడు నిర్ణయించిన భూమధ్యరేఖా వ్యాసార్ధము సుమారు 6377.3 కిలోమీటర్లు. ఉపగ్రహముల సహాయముతో నేడు తేలినది 6378.1. గొలుసులతో, కొండలెక్కి చేసిన కొలతలోని తేడా ఒక కిలోమీటరు లోపే.

1865లో ఎవరెస్టు పేరు ప్రపంచములోని అత్యున్నత శిఖరమునకు పెట్టబడినది. అడవిలో జెండాలు నిలిపి, చెట్లు కొట్టి, పరికరములు మోసిన కూలీల పేర్లు ఏ పటముపైనను లేవు. గంటలో ముగియు ఈ ప్రయాణపు లెక్కలో వారి శ్రమయు నున్నది.